తెలుగు ‘ఏ’కి ఫార్సీలో ఎన్ని జవాబులు?

“అలీయే వచ్చాడు”, “ఇక్కడే పెట్టాను”, “ఒక్కడే ఉన్నాడు”, “రాలేదే!” తెలుగులో ఈ నాలుగు వాక్యాల బరువునూ ఒక్క ‘ఏ’ మోస్తుంది. మన వ్యాకరణాల్లో దీని పేరు అవధారణ, అంటే నొక్కి చెప్పడం. ఫార్సీ మొదలుపెట్టిన తెలుగువాళ్లు తొలి వారాల్లోనే దీనికి సరిపోయే ముక్క కోసం వెతుకుతారు. ఉర్దూ వచ్చినవాళ్లయితే ‘హీ’ కోసం చూస్తారు. ఫార్సీలో అలాంటి ఒకే ముక్క లేదు. ఆ పనిని గొంతు, మాటల వరస, కొన్ని చిన్న పదాలు పంచుకున్నాయి. కాబట్టి “ఏ”ని ఎలా అనువదించాలన్న ప్రశ్నతో దారి దొరకదు. “ఈ వాక్యంలో ‘ఏ’ ఏం పని చేస్తోంది?” అని అడిగితే దొరుకుతుంది.

1880ల దాకా హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ కచేరీల భాష ఫార్సీయే. ఖరీదు, జవాబు, దరఖాస్తు, సిఫారసు లాంటి మాటలు మనకు ఆ దారినే చేరాయి. అందుకే ఫార్సీ పదాలు తెలుగువాళ్లకు తొందరగానే పట్టుబడతాయి. ఇబ్బంది వాక్యం దగ్గర మొదలవుతుంది.

కింది ఉదాహరణలు తెహ్రాన్‌లో మాట్లాడే ఫార్సీవి. రాతలో ‘రా’ అని ఉండే కర్మ గుర్తు మాటల్లో ‘రో’ లేదా ‘ఓ’ అవుతుంది, ‘ఆమద్’ (వచ్చాడు) ‘ఊమద్’ అవుతుంది. వాక్యంలో ఒత్తి పలికే మాటను చదరపు కుండలీకరణాల్లో పెట్టాను.

ముందు గొంతు

ఫార్సీలో నొక్కి చెప్పడానికి మొదటి పనిముట్టు ఊనిక. ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. ఆ అక్షరం దగ్గర శ్రుతి పైకి లేవాలి, ఆ తర్వాతి మాటలన్నీ చదునుగా కిందికి దిగాలి. రెండో సగం మర్చిపోతే మొదటి సగం వృథా.

అసలు ప్రతి మాటలోనూ ఊనికకు ఒక సొంత చోటు ఉంటుంది. నామవాచకాల్లో, విశేషణాల్లో అది చివరి అక్షరం మీద: ‘కెతాబ్’ (పుస్తకం) అన్నప్పుడు ‘తాబ్’ పైకి లేస్తుంది. వెనక ‘ఓ’ చేరి ‘కెతాబో’ అయినా లేచేది ‘తా’యే, ‘ఓ’ తేలిపోతుంది. భూతకాల క్రియలో ధాతువు చివర లేస్తుంది, పురుష ప్రత్యయం మీద లేవదు: ‘ఖరీదమ్’ (కొన్నాను)లో ‘రీ’ మీద. క్రియకు ముందు ‘మీ’ వస్తే ఊనిక దాని మీదికి జరుగుతుంది. వ్యతిరేకార్థంలో ‘న’ లేదా ‘నె’ వస్తే అదే లాక్కుంటుంది: ‘నెమీరమ్’ (వెళ్లను)లో ‘నె’ పైకి లేవాలి. ‘కార్ మీకొనమ్’ (పని చేస్తాను) లాంటి జంట క్రియల్లో ముందున్న నామపదం ‘కార్’ లేస్తుంది. పిలుపులో మాత్రం మొదటికి వెళ్తుంది: ‘పెదర్’ (తండ్రి) మామూలుగా ‘దర్’ మీద లేస్తే, తండ్రిని పిలిచేటప్పుడు ‘పె’ మీద లేస్తుంది.

ఇవి ఉచ్చారణ అందం కోసం చెప్పే సంగతులు కావు. ‘రఫ్తమ్’ అనే మాట తీసుకోండి. ‘రఫ్’ మీద లేపితే “వెళ్లాను”. ‘తమ్’ మీద లేపితే “వెళ్లి ఉన్నాను”. రాతలో రెండోది ‘రఫ్తె-అమ్’ అని వేరుగా కనిపిస్తుంది కానీ మాటల్లో రెండింటినీ విడదీసేది ఊనిక ఒక్కటే. ‘మర్దీ’ని ముందు అక్షరం మీద లేపితే “ఒకానొక మగవాడు”, వెనక అక్షరం మీద లేపితే “మగతనం”. నొక్కి చెప్పాలన్న ఉత్సాహంలో తప్పు అక్షరాన్ని లేపితే చెప్పేది మరో మాట అయి కూర్చుంటుంది. కాబట్టి పద్ధతి ఇది: మాట లోపల ఊనిక చోటు కదపకూడదు, ఉన్న చోటే దాన్ని ఇంకా పైకి లేపాలి.

ఎవరూ నొక్కకపోయినా నొక్కే చోటు

మామూలు వాక్యంలో కూడా ఒక మాట మిగతావాటికన్నా కొంచెం ఎత్తుగా పలుకుతుంది. తెలుగులాగే ఫార్సీలోనూ కర్త, కర్మ, క్రియ వరస. క్రియకు సరిగ్గా ముందున్న మాటకు ఆ ఎత్తు దక్కుతుంది:

అలీ [కెతాబ్] ఖరీద్. (అలీ పుస్తకం కొన్నాడు.)

ఇక్కడొక మెలిక ఉంది. అది ఏ పుస్తకమో ఇద్దరికీ తెలిసినదైతే ‘ఓ’ చేరుతుంది. ‘ఓ’ చేరిన కర్మ ఆ ఎత్తును వదులుకుంటుంది, అది క్రియకు వెళ్తుంది:

అలీ కెతాబో [ఖరీద్]. (అలీ ఆ పుస్తకం కొన్నాడు.)

రెండో వాక్యాన్ని మొదటిదానిలాగే ‘కెతాబ్’ మీద లేపి పలికితే ఇరానీ శ్రోత “పుస్తకాన్నే కొన్నాడా, మరి దేన్ని కొనలేదు?” అనుకుంటాడు. మీరు ఏమీ నొక్కాలనుకోలేదు, కానీ నొక్కేశారు. నేర్చుకునేవాళ్ల మాటల్లో బాగా ఎక్కువగా వినిపించే దోషం ఇదే. పుస్తకాలు దీనికి కేటాయించే చోటు మాత్రం చాలా తక్కువ.

“అలీకి ఇచ్చాను” అని చెప్పేటప్పుడు ఇదే సూత్రం మాటల వరసను కూడా నడుపుతుంది. ‘ఓ’ ఉన్న కర్మ ముందుకు జరుగుతుంది, లేనిది క్రియను అంటిపెట్టుకుంటుంది:

కెతాబో బె [అలీ] దాదమ్. (ఆ పుస్తకం అలీకి ఇచ్చాను.)
బె అలీ [కెతాబ్] దాదమ్. (అలీకి పుస్తకం ఇచ్చాను.)

మొదటిది “ఎవరికిచ్చావు?” అన్నదానికి తేలిగ్గా జవాబవుతుంది. రెండోది “ఏమిచ్చావు?” అన్నదానికి. ప్రత్యేకంగా ఏ ముక్కా చేర్చకుండానే పని జరిగిపోయింది.

ఈ మామూలు ఎత్తును దాటి వేరే మాటను నొక్కాలంటే దాన్ని కదపక్కర్లేదు. [అలీ] కెతాబో ఖరీద్ అని ‘అలీ’ని లేపి, మిగతా రెండు మాటల్నీ చదునుగా వదిలేస్తే “అలీయే కొన్నాడు, ఇంకెవరూ కాదు” అన్న అర్థం వస్తుంది. చివర ‘ఖరీద్’ మీద మళ్లీ లేపితే ఈ అర్థం పోతుంది.

సర్వనామం సంగతి మనకు సులువు. తెలుగులాగే ఫార్సీ క్రియలోనే పురుష తెలుస్తుంది, కాబట్టి ‘పూలో మీదమ్’ (డబ్బిస్తాను) చాలు. ‘మన్’ (నేను) చేర్చి [మన్] పూలో మీదమ్ అంటే “డబ్బు నేనిస్తాను”. ఇంగ్లీషు ద్వారా ఫార్సీ నేర్చుకునేవాళ్లు ప్రతి వాక్యానికీ ‘మన్’ తగిలిస్తారు. అలా చేస్తే ప్రతి మాటకీ ‘నేను, నేను’ అని పోటీకి దిగినట్టు ఉంటుంది.

“వచ్చింది అలీ”: మన అలవాటు ఎదురు తిరిగే చోటు

తెలుగులో నొక్కి చెప్పడానికి మనకు ఇష్టమైన మరో దారి ఉంది. క్రియను నామంగా మార్చి ముందు పెట్టి, ముఖ్యమైన మాటను చివరికి తోయడం: “వచ్చింది అలీ”, “నేను అడిగింది నిన్ను”. వాక్యం చివర మనకు సింహాసనం.

ఫార్సీలో క్రియ తర్వాతి చోటు సింహాసనం కాదు. ‘ఊమద్ అలీ’ అని అనొచ్చు, ఇరానీలు అంటారు కూడా. కానీ అక్కడ ‘అలీ’ ముందే తెలిసినవాడు, చివర గుర్తొచ్చి చేర్చిన పేరు. “వచ్చాడు... అలీ” అన్నట్టు, గొంతు దిగిపోయి వినిపిస్తుంది. ‘ఖరీదమ్ కెతాబో’ కూడా అంతే: కొనడం కొత్త సంగతి, పుస్తకం పాతది. తెలుగు వరసను యథాతథంగా తీసుకెళ్లిన వ్యక్తి ఏ మాటనైతే నొక్కాలనుకున్నాడో సరిగ్గా దాన్నే వెనక్కి నెట్టేస్తాడు.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. వెళ్లే చోటు మాటల్లో క్రియ తర్వాత రావడం మామూలే: ‘రఫ్తమ్ ఖూనె’ (ఇంటికి వెళ్లాను). దీంట్లో నొక్కడమూ లేదు, తగ్గించడమూ లేదు.

“వచ్చింది అలీ”కి ఫార్సీ ఇచ్చే జవాబు మూడు రకాలు. మొదటిది ఊనిక: [అలీ] ఊమద్. రెండోది ‘కె’తో వాక్యాన్ని రెండుగా చీల్చడం: ఈన్ [అలీ] బూద్ కె ఊమద్. మాటకు మాటగా చూస్తే “ఇది అలీ ఉండెను, అతను వచ్చాడు”. మొదటి ‘ఈన్’ (ఇది) లేకపోయినా నడుస్తుంది. మూడోది ‘కసీ కె ఊమద్, అలీ బూద్’ (వచ్చిన మనిషి అలీ). వరసలో మన తెలుగు వాక్యానికి దగ్గరగా ఉండేది ఈ మూడోదే, కానీ కొంచెం బరువైనది, వివరంగా చెప్పేటప్పుడు వాడేది.

రెండో పద్ధతిలో తప్పు జరిగే చోటు ‘బూద్’. అది నొక్కుతున్న మనిషిని బట్టి మారాలి. “చెప్పింది నేనే” అనాలంటే ‘ఈన్ మన్ బూదమ్ కె గొఫ్తమ్’. ‘ఈన్ మన్ బూద్ కె’ అనడం తప్పు. “చెప్పింది నువ్వే” అంటే ‘ఈన్ తొ బూదీ కె గొఫ్తీ’. రెండు క్రియలూ ఒకే పురుషలో ఉండాలి. మనం “చెప్పింది”ని ఏ పురుషకైనా మార్చకుండా వాడతాం కాబట్టి ఇక్కడ చెయ్యి జారుతుంది.

ముందుకు తెచ్చినంత మాత్రాన నొక్కినట్టు కాదు

కర్మను వాక్యం ముందుకు తెస్తే నొక్కినట్టే అని చాలామంది అనుకుంటారు. ఫార్సీలో ‘రా’ ఉన్న కర్మ ముందుకొస్తే అది ముఖ్యంగా “ఇప్పుడు దీని గురించి మాట్లాడుకుంటున్నాం” అని చెప్తుంది. ‘ఈన్ కెతాబో అలీ బె మన్ దాద్’ అంటే “ఈ పుస్తకమా, అలీ ఇచ్చాడు నాకు”. కొత్త సంగతి ఇంకా వెనకాలే ఉంది, ఊనిక పడాల్సిందీ అక్కడే. రెండిటిని పోల్చేటప్పుడు ఇదే ‘రా’ సరిగ్గా మన ‘అయితే’ పని చేస్తుంది:

చాయీ రో మీఖొరమ్, గహ్వె రో న. (టీ అయితే తాగుతాను, కాఫీ వద్దు.)

‘రా’ కర్మ గుర్తు మాత్రమే అని నేర్చుకున్నవాళ్లను కంగారుపెట్టే వాక్యాలు కూడా ఇక్కడే ఎదురవుతాయి. ‘ఎమ్‌షబో ఈన్‌జా బెమూన్’ అంటే “ఈ రాత్రికి ఇక్కడ ఉండిపో”. ‘ఉండు’ అకర్మక క్రియ, దానికి కర్మ ఉండదు. అయినా ‘ఎమ్‌షబ్’ (ఈ రాత్రి) వెనక ‘ఓ’ ఉంది. మాట ఏ సమయం గురించో దాన్ని అది ప్రత్యేకంగా పట్టి చూపిస్తోంది, “కనీసం ఈ రాత్రికైనా” అన్న బతిమాలడం అందులోనుంచే వస్తుంది. ‘ఓ’ తీసేస్తే వ్యాకరణం బాగానే ఉంటుంది, బతిమాలడం మాయమవుతుంది.

‘అలీ వాళ్ల నాన్న’లోని అలీలాగా మరో నామానికి సంబంధించిన మాటను ముందుకు తెచ్చినప్పుడు అది ఖాళీ చేసిన చోట ఒక చిన్న సర్వనామ ప్రత్యయం నిలబెట్టాలి. ‘పెదరె అలీ ఊమద్’ (అలీ వాళ్ల నాన్న వచ్చాడు) మామూలు వాక్యం. అలీని ముందు పెడితే ‘అలీ పెదరెష్ ఊమద్’, “అలీ ఉన్నాడే, వాళ్ల నాన్న వచ్చాడు”. ‘ఈన్ మాషీన్ దరెష్ బాజ్ నెమీషె’ (ఈ కారుకి తలుపు తెరుచుకోవడం లేదు) కూడా ఇలాంటిదే. చివరి ‘ఎష్’ వదిలేసి ‘అలీ పెదర్ ఊమద్’ అంటే వాక్యం కూలిపోతుంది.

‘ఏ’ని ముక్కలు చేస్తే

ఇక చిన్న పదాలు. మొదటి పేరాలోని నాలుగు ‘ఏ’లకూ ఇక్కడ జవాబులున్నాయి.

“ఇదే, అదే, ఇక్కడే, ఇప్పుడే” అని వేలు పెట్టి చూపించే ‘ఏ’ అయితే ‘ఈన్’, ‘ఆన్’లకు ముందు ‘హమ్’ చేరుతుంది. హమీన్ (ఇదే), హమూన్ (అదే), హమీన్‌జా (ఇక్కడే), హమీన్ ఎమ్రూజ్ (ఈ రోజే), హమీన్ అలాన్ (ఇప్పుడే). ‘హమీన్ కెతాబో మీఖామ్’ అంటే “ఈ పుస్తకమే కావాలి”. తెలుగులో ‘ఏ’ పుస్తకానికి తగులుతుంది, ఫార్సీలో ‘ఈ’కి తగులుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే రోజువారీ మాటల్లో సగం ‘ఏ’లు తేలిపోతాయి.

“స్వయంగా ఆ మనిషే” అనే ‘ఏ’ అయితే ‘ఖొద్’. దీనికి రెండు రూపాలు. పేరు ముందు వస్తే ‘ఖొదె’: ‘ఖొదె అలీ గొఫ్త్’ (అలీయే చెప్పాడు, వేరేవాళ్ల ద్వారా కాదు). సర్వనామమైతే వెనక ప్రత్యయం చేరాలి: ఖొదమ్ (నేనే), ఖొదెత్ (నువ్వే), ఖొదెష్ (తనే). ప్రత్యయం లేని ‘మన్ ఖొద్’ రాతలో, కవిత్వంలో కనిపిస్తుంది, మాటల్లో పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. ‘ఖొద్’ మనుషులకే పరిమితం కాదు: ‘అజ్ ఖొదె సొబ్’ అంటే “పొద్దుట్నించీ”, పొద్దు మొదలైన క్షణం నుంచే అన్న ఒత్తుతో.

“ఒక్కడే, ఇంకెవరూ కాదు” అనే ‘ఏ’ అయితే ‘ఫఘత్’. ఇది నొక్కే మాటకు ముందు రావాలి, మన ‘మాత్రమే’లాగా వెనక కాదు: ‘ఫఘత్ అలీ ఊమద్’. రాతలో ఇదే పనికి ‘తన్హా’ కూడా వాడతారు.

తెలుగులో ‘ఏ’లను ఒకే వాక్యంలో పేర్చడం మనకు మామూలే. “నేనే ఇక్కడే చూశాను వాణ్ణి” అనేస్తాం. ఫార్సీలో ఒకే వాక్యంలో రెండు మాటల్ని గొంతుతో సమానంగా లేపడం కుదరదు, కానీ పైన చెప్పిన పదాలు రకానికొకటి వాడొచ్చు: ‘ఖొదమ్ హమీన్‌జా దీదమెష్’. గొంతు వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది, రెండోది పదంతోనే సరిపెట్టుకుంటుంది.

‘కూడా’కి ‘హమ్’, నొక్కే మాట వెనకే. ‘అలీ హమ్ కెతాబ్ ఖరీద్’లో అలీ కూడా, ‘అలీ కెతాబ్ హమ్ ఖరీద్’లో పుస్తకం కూడా. ‘రా’ ఉంటే ముందు ‘రా’, తర్వాత ‘హమ్’. “ఆఖరికి అలీ కూడా” అనాలంటే ముందు ‘హత్తా’ చేర్చాలి: ‘హత్తా అలీ హమ్ ఊమద్’. వేగంగా మాట్లాడేటప్పుడు ‘మన్ హమ్’ (నేను కూడా) ‘మనమ్’ అయిపోతుంది. “నేనే, తలుపు తియ్యండి” అనేటప్పుడు పలికే ‘మనమ్’ కూడా వినడానికి అలాగే ఉంటుంది. సందర్భమే తేలుస్తుంది.

‘కె’ అనే చిన్న ముక్క

నాలుగో ‘ఏ’, “రాలేదే!”లోది, మనసులోని ఆశ్చర్యాన్నో అభ్యంతరాన్నో చెప్పేది. దీనికి ఫార్సీలో ‘కె’ ఉంది. ‘కె’ని “అని”, “ఏదైతే” అర్థాలకే నేర్పే పాఠాలు దాని ఈ ముఖాన్ని చూపించవు. క్రియ వెనక వస్తే మన ‘కదా’కి దగ్గర:

గొఫ్తమ్ కె! (చెప్పాను కదా!)
నయూమద్ కె! (రాలేదే!)

కర్త వెనక వస్తే ‘అయితే’: ‘మన్ కె నెమీదూనమ్’ (నాకైతే తెలియదు, మిగతావాళ్ల సంగతి వేరు). నామం వెనక వస్తే “అదంటావా” అన్న ఎత్తిపొడుపు: ‘పూల్ కె నదారమ్’ (డబ్బంటావా, లేదు). ‘కె’ని ఎప్పుడూ లేపి పలకకూడదు, ముందున్న మాటకు అతుక్కుపోవాలి.

ఒక చోట జాగ్రత్త. ‘అలీ కె ఊమద్, షొరూ మీకొనీమ్’ అంటే “అలీ రాగానే మొదలుపెడదాం”. ఇక్కడ ‘కె’ నొక్కడం లేదు, సమయం చెప్తోంది. రెండిటినీ విడదీయాలంటే వాక్యం తర్వాత ఏముందో వినాలి: మరో ప్రధాన వాక్యం వేలాడుతుంటే అది “రాగానే”.

మిగతా చిన్న ముక్కల్లో ‘హా’ మన ‘సుమా’కి చక్కగా సరిపోతుంది: ‘మీయొఫ్తీ హా!’ (పడతావు సుమా!), ‘యాదెత్ నరె హా!’ (మర్చిపోకు సుమా!). ప్రశ్న ముందు ‘మగె’ పెడితే ఎదురు జవాబును ఆశిస్తున్నట్టు: ‘మగె నగొఫ్తమ్?’ (చెప్పలేదా ఏంటి?). ‘హీచ్‌కస్’ (ఎవరూ) వాడినప్పుడు క్రియ తప్పకుండా వ్యతిరేకంలో ఉండాలి: ‘హీచ్‌కస్ నయూమద్’. “ఎవరూ రాలేదు” అనే మనకు ఇది నేర్పక్కర్లేదు. “రాలేదా?” అని ఎవరైనా అడిగితే “లేదు, వచ్చాను” అనడానికి ‘న’ వాడకూడదు, ‘చెరా’ అనాలి: ‘చెరా, ఊమదమ్’. ‘చెరా’కి “ఎందుకు” అని అర్థం. “ఎందుకు రాలేదు, వచ్చాను” అని మనమూ అనే మాటే కాబట్టి మళ్లీ మర్చిపోరు. విశేషణాన్ని బాగా ఒత్తాలంటే ‘ఎ’తో రెట్టించవచ్చు: ‘తన్హాయె తన్హా’ (పూర్తిగా ఒంటరి). ‘నట్టనడుమ’లాంటి మాటలకు ‘దొరొస్త్’ పనికొస్తుంది: ‘దొరొస్త్ వసతె ఖియాబూన్’ (వీధి నట్టనడుమ).

సాధన ఎలా

ఒక్క వాక్యం తీసుకోండి: ‘అలీ దీరూజ్ ఈన్ కెతాబో బె మన్ దాద్’ (అలీ నిన్న ఈ పుస్తకం నాకిచ్చాడు). దీనికి ఒక్కో ప్రశ్న వేసుకోండి. ‘కీ దాద్?’ (ఎవరిచ్చారు?) అంటే [అలీ]ని, ‘కెయ్ దాద్?’ (ఎప్పుడు?) అంటే [దీరూజ్]ని, ‘బె కీ దాద్?’ (ఎవరికి?) అంటే [మన్]ని లేపాలి. వాక్యంలో ఒక్క మాట కూడా కదపకుండా మూడు జవాబులూ చెప్పి ఫోన్‌లో రికార్డు చేసి వినండి. లేపిన మాట తర్వాత గొంతు చివరిదాకా దిగిందా లేదా అన్నది ఒక్కటే చూడండి. ‘దాద్’ దగ్గర మళ్లీ లేస్తే ఆ వాక్యం మరోసారి చెప్పాలి.

అది కుదిరాక అవే జవాబుల్ని ‘ఈన్ అలీ బూద్ కె’ పద్ధతిలోకి, ఆ తర్వాత ‘ఖొద్’, ‘హమీన్’, ‘ఫఘత్’తో చెప్పండి. ఈ వరస తిరగేయడం మంచిది కాదు. పదాలతో మొదలుపెట్టినవాళ్లు వాక్యానికో ‘ఖొద్’, ఓ ‘హమీన్’ గుచ్చుతారు, గొంతు మాత్రం తెలుగు పద్ధతిలోనే నడుస్తుంది.

రాసేటప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. కాగితం మీద ఊనిక కనిపించదు కాబట్టి అక్కడ భారమంతా ‘కె’ చీలిక మీద, చిన్న పదాల మీద పడుతుంది. పత్రికా ఫార్సీలో ‘దర్ తెహ్రాన్ బూద్ కె ఊ రా దీదమ్’ (తెహ్రాన్‌లోనే అతన్ని చూశాను) లాంటి వాక్యాలు మాటల్లోకన్నా ఎక్కువ కనిపించడానికి కారణం అదే. అలాంటి వాక్యం చదివినప్పుడు ‘కె’కి ముందున్న ముక్కను లేపి, తర్వాతిదంతా దించి, ఒకసారి పైకి చదవండి.